డబ్బాలో ఆలివ్, గోడ మీద పాచి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే రంగు గురించి. సేజ్ అని కొందరు, ఆలివ్ అని కొందరు, నాచు రంగు అని ఇంకొందరు రాశారు. "అదేనండీ, ఆకు ఎండబోయే ముందు ఉండే రంగు" అని ఒకావిడ. అందరూ అడుగుతున్నది మట్టి కలిసిన ఆ పచ్చ గురించే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. కర్టెన్ల గురించీ ఫాల్స్ సీలింగ్ గురించీ అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీ వంతు.

కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. ఇంటీరియర్ పనిలోకి రాకముందు పెయింట్ల దుకాణంలో రంగులు కలిపే మెషిన్ దగ్గర పదహారేళ్ళు నిలబడ్డాను. నా జవాబుల్లో డిజైన్ కన్నా డబ్బా వాసనే ఎక్కువుంటే కారణం అదే.

ప్రశ్న: మేడమ్, మా హాలుకి సేజ్ గ్రీన్ వేయించాం. షేడ్ కార్డులో బూడిద కలిసినట్టు మెత్తగా, ఎంతో హాయిగా ఉంది. పగలు పర్వాలేదు. రాత్రి లైట్లు వేస్తే మాత్రం ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టుంది. మావారు రోజూ "నేను ముందే చెప్పాను" అంటున్నారు. మళ్ళీ వేయించాలా?
— ఒక గృహిణి

జవాబు: వద్దండీ. గోడ జోలికి వెళ్ళకండి, ముందు బల్బు సంగతి చూడండి.

మీ హాల్లో ఉన్నవి తెల్లటి ఎల్‌ఈడీలు అయ్యుంటాయి. బల్బు అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో 6500 కెల్విన్ అని ఉంటుంది, వెతకండి. ఆ అంకె పెరిగేకొద్దీ వెలుగులో నీలం పాలు ఎక్కువ, తగ్గేకొద్దీ పసుపు, ఎరుపు ఎక్కువ. పాతకాలం ఫిలమెంటు బల్బు 2700 ప్రాంతంలో ఉండేది. ఇక సేజ్ సంగతి. అందులో పచ్చ ఒక్కటే ఉండదు. బోలెడంత తెలుపు, కాస్త పసుపు మట్టి, కాస్త నలుపు ఉంటాయి. దాన్ని మెత్తగా చేసేది ఆ మట్టే. గోడ తనంతట తాను వెలగదు కదా, మీద పడ్డ వెలుగునే తిప్పి పంపుతుంది. పడే వెలుగులోనే పసుపూ ఎరుపూ తక్కువైతే మట్టి ఎక్కడినుంచి కనిపిస్తుంది? చల్లటి పచ్చ ఒక్కటే మిగులుతుంది.

ఒకే ఒక్క 3000 కెల్విన్ బల్బు కొని, రాత్రిపూట పాతవి ఆర్పేసి ఇది వెలిగించి చూడండి. మీవారిని కూడా పిలవండి. పెట్టె మీద సీఆర్ఐ అని ఇంకో అంకె ఉంటుంది, అది 90 దాటితే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. 3000 మరీ పసుపుగా అనిపిస్తే 4000 ప్రయత్నించండి. 2700కి మాత్రం తొందరపడకండి, ఆ వెలుగులో కొన్ని సేజ్‌లు వెలిసిపోయిన ఖాకీలా మారతాయి.

ఆసుపత్రి అన్నారు కాబట్టి చెబుతున్నాను, ఆ పోలిక ఊరికే రాలేదు. 1914లో సాన్‌ఫ్రాన్సిస్కోలో హారీ షెర్మన్ అనే సర్జన్ ఆపరేషన్ గదికి పచ్చ రంగు వేయించాడు. తెల్ల గోడల మెరుపు కళ్ళకి శ్రమగా ఉంటోందని ఆయన బాధ. ఎర్రటి రక్తాన్ని చాలాసేపు చూసి తల ఎత్తితే తెల్ల గోడ మీద పచ్చ మరకలు తేలుతున్నట్టుంటుంది. గోడే పచ్చగా ఉంటే ఆ మరక కనిపించదు. అలా మొదలైన రంగు వరండాల్లోకీ పాకింది. మీ గోడలో తప్పేం లేదు, మీ లైటు దాన్ని అక్కడికి లాక్కెళుతోంది.

ఇక "నేను ముందే చెప్పాను" సంగతి. ఆ మాట నేనూ విన్నాను. కౌంటర్ దగ్గర తొమ్మిదేళ్ళ అనుభవం వచ్చాక మా పడకగదికి నేనే రంగు ఎంచుకున్నాను. రోజుకి పాతికమందికి సలహాలిచ్చే మనిషిని, నాకెవరు చెప్పాలి? దుకాణంలో ట్యూబ్‌లైటు కింద, బొటనవేలంత ముక్క చూసి ఒక ఆలివ్ పట్టుకొచ్చాను. రెండు కోటింగ్‌లు పూర్తయిన సాయంత్రం గదిలోకి వెళ్తే, పాచి పట్టిన నీళ్ళ తొట్టిలో అడుగున నిలబడ్డట్టుంది. మా చిన్నాడు మంచమెక్కి "అమ్మా, మనం చెరువులో పడుకుంటున్నామా?" అన్నాడు. మావారు అప్పుడు ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు అంటూనే ఉన్నారు.

ఎందుకలా అయింది? రెండు కారణాలు. మా కిటికీ బయట పెద్ద చెట్టుంది. లోపలికొచ్చే వెలుగు ఆకుల్ని తాకి, అప్పటికే పచ్చబడి వస్తోంది. ఇక రెండోదాన్ని చిన్న ముక్క చూసి ఎవరూ పసిగట్టలేరు. నాలుగు గోడలూ ఒకే రంగైతే ఈ గోడ మీద పడ్డ వెలుగు ఎదుటి గోడకి వెళ్తుంది, అక్కడినుంచి మళ్ళీ ఇటు వస్తుంది. వెళ్ళి వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త పచ్చబడుతుంది. అందుకే కార్డు మీద బూడిదలా కనిపించిన రంగు గదంతా వేశాక నిఖార్సయిన పచ్చగా బయటపడుతుంది.

మీ ఇంట్లో ఇంకా రంగు వెయ్యని గదులుంటే ఇలా చెయ్యండి. రెండడుగుల అట్టలు రెండు తీసుకుని, అంచున నాలుగు వేళ్ళ వెడల్పు తెల్లగా వదిలి రెండు కోటింగ్‌లు వెయ్యండి. బాగా ఆరనివ్వండి, ఎమల్షన్ (నీళ్ళతో కలిపే గోడ రంగు) తడి మీద ఉన్నదానికన్నా ఆరాక కొంచెం ముదురవుతుంది. తర్వాత ఆ రెండు అట్టల్నీ గది మూలలో ఒకదానికొకటి ఆనుకునేలా, పుస్తకం తెరిచి నిలబెట్టినట్టు పెట్టండి. ఆ మడతలోకి చూడండి. అక్కడ రంగు అంచుల్లో కన్నా చిక్కగా కనిపిస్తుంది. గదంతా వేశాక మీకు వచ్చేది ఇంచుమించు ఆ మడత రంగే. పొద్దున, మధ్యాహ్నం, లైట్లు వేశాక, మూడుసార్లు చూడండి. మీరు ఆ గదిలో ఎక్కువసేపు ఏ వేళలో ఉంటారో ఆ వేళ బాగుంటే చాలు. మిగతా రెండు వేళల్లో అది కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోవచ్చు.

ప్రశ్న: షేడ్ కార్డులో సేజ్, ఆలివ్, మాస్, ఖాకీ అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. అసలు మట్టి పచ్చ అంటే ఏది? మామూలు ఆకుపచ్చతో తేడా ఎలా పట్టుకోవాలి?
— ఒక కాలేజీ విద్యార్థి

జవాబు: ఇంట్లో చిన్నపిల్లల వాటర్ కలర్ డబ్బా ఉందా? పసుపు తీసుకుని అందులో బ్రష్ మొనతో రవ్వంత నలుపు కలుపు బాబూ. నీలం ముట్టుకోకు. మురికి పసుపు వస్తుందనుకుంటాం కదా, రాదు. బ్రష్ తిప్పుతుండగానే పసుపు ఒరిగిపోయి ఆలివ్ పచ్చ తేలుతుంది. ఇంకో చుక్క నలుపు వేస్తే నాచు. దానికే తెలుపు కలిపితే సేజ్‌కి దగ్గరి చుట్టం. నేను మొదటిసారి ఇది చూసినప్పుడు మెషిన్ పాడైందనుకున్నాను. కంప్యూటర్ ఇచ్చిన లెక్కలో పసుపు ఆక్సైడూ నలుపూ ఉన్నాయి, పచ్చ మాత్రం రెండు చుక్కలు. కస్టమర్ అడిగింది పచ్చ! మూత బిగించి షేకర్‌లో పెట్టి తీస్తే అచ్చం అడిగిన ఆలివే.

అసలు మన భాషకి ఈ సంగతి ముందే తెలిసినట్టుంది. పసుపుపచ్చ అన్నా పచ్చే, ఆకుపచ్చ అన్నా పచ్చే. మట్టి పచ్చలు ఈ రెంటి మధ్య సందులో ఉంటాయి. చిలకపచ్చలో నలుపు ఉండదు, మట్టి ఉండదు, అందుకే అది అరుస్తుంది. గోడకి అరవని పచ్చ కావాలంటే పసుపుమట్టో నలుపో ఎరుపుమట్టో ఏదో ఒకటి దాని గొంతు తగ్గించాలి.

నిజంగానే మట్టినుంచి వచ్చే పచ్చ కూడా ఒకటుంది. గ్రీన్ ఎర్త్ అంటారు. సెలడోనైట్, గ్లాకొనైట్ అనే ఇనుము ఉన్న ఖనిజాలు దానికి రంగునిస్తాయి. అజంతా గుహల బొమ్మల్లో, రోమన్ల గోడ చిత్రాల్లో వాడింది ఈ మట్టినే. ఇటలీ వెరోనా ప్రాంతపు మట్టికి బాగా పేరు. దుకాణాల్లో దొరికే డబ్బాల్లో సాధారణంగా అది ఉండదు, ఐరన్ ఆక్సైడ్లూ తయారుచేసిన పచ్చలూ కలిపి ఆ రూపం తెస్తారు. కానీ ఆ పాత మట్టి ముక్క ఒకసారి చేతిలో పట్టుకుని చూశాక ఏ షేడ్ కార్డూ నాకు నచ్చలేదు. నలిపితే వేళ్ళకి అంటుకునే, బూడిదా పచ్చా తేల్చుకోలేని రంగు.

ఇక కార్డు చదివే పద్ధతి. లేత ముక్కల్ని చూసి తేల్చుకోకు, అన్నీ ఒకలాగే ఉంటాయి. అదే వరుసలో అడుగున ఉన్న అతి ముదురు ముక్క చూడు. లేతదానిలో దాక్కున్న గుణం అక్కడ బయటపడుతుంది. అది బూడిదవైపు వెళ్తే మీది సేజ్ కుటుంబం. గోధుమవైపు వెళ్తే ఆలివ్, ఖాకీ. నీలంవైపు జారితే, పేరు ఏదైనా సరే, అది మట్టి పచ్చ కాదు. చూసేటప్పుడు మిగతా వరుసల్ని తెల్ల కాగితంతో కప్పెయ్యి. పేర్లు అస్సలు నమ్మకు. ఒక కంపెనీ సేజ్ ఇంకో కంపెనీకి ఆలివ్.

ప్రశ్న: అక్కా, మా పడకగది చిన్నది, ఒకటే కిటికీ, ఎండ నేరుగా రాదు. నాకు ముదురు ఆలివ్ అంటే పిచ్చి. "గుహలో పడుకుంటావా" అంటున్నారు ఇంట్లో. లేతది వేసుకోమంటారా?
— చిన్న గది పెద్ద ఆశ

జవాబు: నీ పేరు బాగుందమ్మా. షేడ్ కార్డు వెనకో కంపెనీ సైట్లోనో ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. పడ్డ వెలుగులో ఎంత తిరిగి వస్తుందో చెప్పే లెక్క. నలుపుకి 0, తెలుపుకి 100. లేత సేజ్‌లు సుమారు 50 దగ్గర ఉంటాయి, ముదురు ఆలివ్‌లు 20కి అటూ ఇటూ. అంటే నీ కిటికీలోంచి వచ్చే వెలుగులో ఐదో వంతే గోడ తిప్పి ఇస్తుంది. కాబట్టి ఇంట్లోవాళ్ళు అన్నది అబద్ధం కాదు, గది చీకటవుతుంది.

కానీ వెలుగు తక్కువున్న గదిలో లేత సేజ్ వేస్తే గది వెలిగిపోతుందా? నేను చూసినంతలో వెలగదు. వెలుతురు చాలని చోట లేత రంగులు ఉతికి ఉతికి వెలిసిన చీరలా నీరసంగా కనిపిస్తాయి. ముదురు రంగు కనీసం కావాలని వేసుకున్నట్టుంటుంది. పడకగదిలో నువ్వు చేసేది నిద్రే అయితే ధైర్యంగా ముదురుకే వెళ్ళు. అదే గదిలో కూర్చుని చదువుకోవాలి, కుట్టుకోవాలి అంటే మాత్రం వద్దు.

వేస్తే సగం సగం వెయ్యకు. మూడు గోడలు తెల్లగా ఉంచి ఒక గోడకి ముదురు ఆలివ్ వేస్తే ఆ చిన్న గదిలో నల్లబోర్డు తగిలించినట్టుంటుంది. ఒకే గోడకి రంగెయ్యడం మీద నాకు మొదటినుంచీ పెద్ద ప్రేమ లేదు, అది వేరే సంగతి. నాలుగు గోడలూ, తలుపు చట్రం, వీలైతే సీలింగ్ కూడా అదే రంగు వేసెయ్. గోడ ఎక్కడ ఆగిందో కప్పు ఎక్కడ మొదలైందో కన్ను పట్టుకోలేదు, దాంతో గది కొలత తెలియదు. పడక పక్కన రెండు లాంప్‌లు, వెచ్చటి బల్బులతో. పైన మధ్యలో ఒక్కటే లైటు పెడితే మాత్రం గుహ అన్నవాళ్ళ మాటే గెలుస్తుంది.

ప్రశ్న: బాత్రూమ్‌కి ఆలివ్ వేశాం. అద్దంలో చూసుకుంటే జ్వరం వచ్చి లేచినట్టు కనిపిస్తున్నాను. నిజంగా ఆరోగ్యంగానే ఉన్నాను!
— ఒక ఉద్యోగిని

జవాబు: నమ్ముతున్నాను. అద్దం చుట్టూ ఉన్న గోడ పచ్చ మీ మొహం మీద పడుతోంది. పద్నాలుగో శతాబ్దపు ఇటలీ చిత్రకారులు మొహం వేసేముందు కింద పచ్చమట్టి పూత వేసేవారు, దాని మీద గులాబీ రంగులు. శతాబ్దాల తర్వాత పై పూత పలచబడి కిందది బయటపడ్డ బొమ్మల్లో అందరూ మీలాగే ఉంటారు.

మొత్తం మార్చక్కర్లేదు. అద్దంలో చూసుకునేటప్పుడు మీ వీపు వెనక కాదు, మీ మొహానికి ఎదురుగా ఉన్న గోడే ముఖ్యం, అంటే అద్దం ఉన్న గోడ, దాని పక్క గోడలు. ఆ భాగం వెచ్చటి తెలుపు చేసి మిగతాది ఆలివ్‌గా ఉంచండి. లైటు నెత్తిమీద ఉంటే అద్దానికి రెండు పక్కలకీ మార్చండి.

ప్రశ్న: హాలు గోడలకి ఆకుపచ్చ అనగానే మా అత్తగారు "పచ్చ రంగులో విషం ఉంటుంది, పూర్వం జనం చచ్చిపోయారట" అంటున్నారు. ఎక్కడ విన్నారో తెలియదు. నవ్వాలా, భయపడాలా?
— కొత్త కోడలు

జవాబు: నవ్వకండి, పెద్దావిడ విన్నది నిజమే. 1775లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త రాగినీ ఆర్సెనిక్‌నీ కలిపి ఒక పచ్చ తయారుచేశాడు. దాన్ని షీలే గ్రీన్ అన్నారు. 1814లో దానికన్నా మెరిసే ఎమరాల్డ్ గ్రీన్ వచ్చింది, అందులోనూ ఆర్సెనిక్కే. యూరప్‌లో గోడ కాగితాలకీ బట్టలకీ కాగితం పువ్వులకీ విపరీతంగా వాడారు. పొడి రాలి ఒంట్లోకి వెళ్ళేది. చెమ్మ ఉన్న గదుల్లో ఇంకో చిక్కు. కాగితం మీద పట్టిన బూజు ఆ ఆర్సెనిక్‌ని గాలిలో కలిసే విషవాయువుగా మార్చగలదని 1890లలో ఇటలీకి చెందిన గోసియో తేల్చాడు.

ఇప్పటి ఇంటి ఎమల్షన్లలో పచ్చదనం ఇచ్చేవి వేరు. థాలో గ్రీన్ 1930ల చివర్లో మార్కెట్లోకొచ్చింది, క్రోమియం ఆక్సైడ్ పచ్చ అంతకన్నా పాతది. ఆలివ్‌లూ సేజ్‌లూ అయితే ఎక్కువ భాగం ఐరన్ ఆక్సైడ్, అంటే శుద్ధిచేసిన తుప్పు లాంటిదే. అత్తయ్యగారికి ఆ మాట చెప్పండి. ఆవిడ భయాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యకుండా ఒక్కటి మాత్రం పాటించండి: వీఓసీ (పెయింటు నుంచి గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు) తక్కువని రాసి ఉన్న డబ్బా తీసుకుని, రంగు వేసిన గది కిటికీలు కొన్ని రోజులు తెరిచి ఉంచండి. పాత ఇల్లయితే, గోడ మీది పాత పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా ఎమరీ పేపర్‌తో గీకించకండి. నిజంగా భయపడాల్సింది ఆ దుమ్ముకి.

ప్రశ్న: మా ఫర్నిచర్ అంతా ఎర్రమట్టి ఛాయ ఉన్న ముదురు టేకు. నేల తెల్లటి టైల్స్. సోఫా బూడిద రంగు. ఆలివ్ కుదురుతుందా?
— రిటైర్డ్ టీచర్

జవాబు: టేకుకీ ఆలివ్‌కీ బ్రహ్మాండంగా కుదురుతుంది మాస్టారూ, కాస్త ఎక్కువే కుదురుతుంది. పచ్చకి ఎదురు రంగు ఎరుపు. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. పారిస్‌లో గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగం చూసిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతే 1839లో ప్రచురించాడు. నల్ల దారం రంగు సరిగ్గా లేదని ఫిర్యాదులొస్తే, చూసి చూసి, తప్పు నలుపుది కాదనీ పక్కనున్న రంగులదనీ కనిపెట్టాడు. మీ ఇంట్లోనూ అంతే. ఆలివ్ గోడ ముందు పెడితే మీ టేకు బీరువా ఉన్నదానికన్నా ఎర్రగా కనిపిస్తుంది. అది ఇష్టమైతే సరే. మరీ ఎర్రబడిందనిపిస్తే గోడని ఆలివ్ నుంచి బూడిద పాలు ఎక్కువున్న సేజ్‌కి దించండి, బీరువా కూడా నెమ్మదిస్తుంది.

నాకు దిగులుగా ఉన్నది టైల్స్ గురించి. తెలుపులో నీలం ఛాయ ఉంటే ఆలివ్ దాని పక్కన మాసినట్టు కనిపిస్తుంది. టైల్ మీద ఒక మామూలు తెల్ల కాగితం, ఒక పాత నూలు పంచె ముక్క పెట్టి చూడండి. టైల్ కాగితంవైపుంటే నీలం ఛాయ ఉన్నట్టే, అప్పుడు జనపనార చాపో గోధుమ రంగు తివాచీయో వేసి గోడకీ నేలకీ మధ్య ఒక మెట్టు కట్టండి. సీలింగ్‌కి కూడా "బ్రిలియంట్ వైట్" వద్దు, ఒక చుక్క పసుపుమట్టి కలిపిన తెలుపు వేయించండి. బూడిద సోఫా అలాగే ఉండనివ్వండి. దానికి ఇటుక రంగు దిండ్లు రెండు చాలు, నాలుగు వద్దు.

ప్రశ్న: ముదురు పచ్చ మూడు కోటింగ్‌లు వేసినా మచ్చలు మచ్చలుగా ఉంది. పెయింటర్ రంగే మంచిది కాదంటున్నాడు, దుకాణంవాళ్ళు పెయింటర్‌దే తప్పంటున్నారు. టెన్షన్‌తో నిద్రపట్టట్లేదు.
— మధ్యలో నలిగినవాణ్ణి

జవాబు: ఆ రెండు వైపులా నేను నిలబడ్డాను కాబట్టి చెబుతున్నా, ఇద్దరిలోనూ కొంత నిజముంది.

ముదురు రంగులకి వాడేది డీప్ బేస్, అంటే రంగు కలపకముందు డబ్బాలో ఉండే పెయింటు. కింద ఉన్నదాన్ని కప్పేసే తెల్లటి టైటానియం డయాక్సైడ్ అందులో చాలా తక్కువ, ఎక్కువుంటే రంగు ముదరదు కదా. అందుకే తెల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) మీద నేరుగా వేస్తే కిందిది తొంగి చూస్తుంది. ప్రైమర్‌లోనే కొంచెం నలుపో పచ్చో కలిపి బూడిద చేయించి ఉంటే ఒక కోటింగ్ మిగిలేది. ఇది దుకాణం చెప్పాల్సిన మాట. నేనూ కౌంటర్ దగ్గర రద్దీలో ఎంతోమందికి చెప్పడం మర్చిపోయాను.

ఇప్పుడు మచ్చల రకం చూడండి. లైటు ఆర్పేసి, టార్చి గోడకి ఆనించి పక్కనుంచి వెయ్యండి. పొడుగ్గా నిలువు పట్టీలు కనిపిస్తే రోలర్ గుర్తులు. అంచు ఆరిపోయాక దాని మీదకి మళ్ళీ రోలర్ తెచ్చారన్నమాట. ఫోన్ మాట్లాడటానికి గోడ మధ్యలో ఆపితే వచ్చేది ఇదే. గోడ మొదలుపెడితే ఒక మూలనుంచి ఇంకో మూలదాకా ఆగకుండా వెళ్ళాలి. గుండ్రటి మచ్చలు, అందులోనూ లప్పం పెట్టి సరిచేసిన చోట్ల ఉంటే, అక్కడ ప్రైమర్ పడలేదు. లప్పం ఎమల్షన్‌ని తాగేసి ఆ చోటు మాత్రం వెలవెలబోతుంది. సరిగ్గా ఒక డబ్బా అయిపోయి ఇంకోటి తెరిచిన గీత దగ్గర రంగు మారితే, డబ్బాలన్నీ ఒకే పెద్ద బకెట్లో పోసి కలపలేదన్నమాట. ఎంత మంచి మెషిన్ అయినా రెండు డబ్బాల మధ్య వెంట్రుకవాసి తేడా వస్తుంది, లేత రంగులో తెలియదు, ముదురు పచ్చలో దాగదు. అడుగున తెల్లటి ఉప్పు పొంగి గరుగ్గా తగిలితే మాత్రం అది రంగు సమస్యే కాదు. గోడలో చెమ్మ ఉంది, అది ఎక్కడినుంచి వస్తోందో చూడకుండా ఎన్ని కోటింగ్‌లు వేసినా దండగ.

మొదటి మూడింటికీ మందు ఒకటే. మచ్చలున్న చోట ప్రైమర్ తాకించి, ఆరాక, ఒకే బకెట్లో కలిపిన రంగుతో గోడ మొత్తానికి ఒక్క కోటింగ్. మచ్చ మీద మాత్రమే దిద్దకండి, మెరుపులేని ముదురు మ్యాట్ మీద దిద్దిన చోటు ఎప్పటికీ దిద్దినట్టే కనిపిస్తుంది. లీటరు సాధారణంగా ఒక కోటింగ్‌కి 10 చదరపు మీటర్ల పైచిలుకు వస్తుంది, ఆ లెక్కన ఒకేసారి తెప్పించుకోండి. వేశాక నెల రోజులు గోడని తడిగుడ్డతో తుడవకండి, పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి అంత పడుతుంది. పిల్లలు ఆనుకునే నడవా అయితే మ్యాట్ మానేసి కొంచెం మెరుపుండే ఎగ్‌షెల్ అడగండి. మ్యాట్ మీద భుజాలు రాసుకున్న చోట మెరుపు గీతలు పడతాయి.

పెయింటర్‌ని పిలిచి ఆ టార్చి అతని చేతికే ఇవ్వండి. మాటలకన్నా అది నయం.

ప్రశ్న: ఈ రంగు ఫ్యాషన్ రెండేళ్ళలో పోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: పోవచ్చు. మీకు నచ్చి వేసుకుంటే పోయిన సంగతి మీకు తెలియను కూడా తెలియదు.

ప్రశ్న: మూడేళ్ళ కింద వేసిన నాచు రంగు గోడకి మేకు గుంట పడింది. దిద్దుదామంటే డబ్బా లేదు, షేడ్ పేరు గుర్తులేదు. ఎలా?
— మతిమరుపు మనిషి

జవాబు: ఎవరికీ కనిపించని చోట, బీరువా వెనకో తలుపు వెనకో, పాత రూపాయి నాణెమంత రంగు పొరని బ్లేడుతో తీసి దుకాణానికి పట్టుకెళ్ళండి. స్కానర్ ఉన్నచోట దగ్గరి రంగు ఇస్తారు. దగ్గరిదే, అదే కాదు. మూడేళ్ళలో మీ గోడ కూడా కొంచెం మారి ఉంటుంది. కాబట్టి గుంట పూడ్చి, ఆ ఒక్క గోడ మూలనుంచి మూలకి వేయించేసుకోండి.

ఈసారి మాత్రం డబ్బా మూత మీది స్టిక్కర్ ఫోటో తీసుకోండి. అందులో పేరు కాదు, బేస్ నంబరూ టింట్ లెక్కా (ఏ రంగు ఎంత కలిపారో) ముఖ్యం. నేనైతే మా ఇంట్లో ప్రతి గది స్విచ్‌బోర్డు ప్లేటు విప్పి, దాని లోపలివైపు మార్కర్‌తో ఆ నంబరూ తేదీ రాసి మళ్ళీ బిగించేశాను, మెయిన్ ఆఫ్ చేశాకే. పడకగది ప్లేటు వెనక రెండు నంబర్లున్నాయి. మొదటిదాని మీద అడ్డంగా గీత కొట్టి మావారు "చెరువు" అని రాశారు.